మా అమ్మాయికి మొబైల్ గేమ్స్ కంపెనీలో ఆఫర్ వచ్చింది. ఇది నిలబడే పనేనా?

తంతి_తపాలా:

అందరికీ నమస్కారం. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో సబ్ పోస్టుమాస్టర్‌ని. ఇంకో మూడేళ్ల సర్వీసు ఉంది. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేసింది. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి పెద్ద సర్వీస్ కంపెనీ, ఏడాదికి 3.6 లక్షలు. ఆఫర్ లెటర్ ఇచ్చి ఏడు నెలలైంది, ఎప్పుడు చేరాలో ఇప్పటికీ చెప్పలేదు. రెండోది హైదరాబాద్‌లో మొబైల్ గేమ్స్ తయారుచేసే కంపెనీ. 5 లక్షలు, వచ్చే నెల ఒకటో తారీఖునే రమ్మంటున్నారు. అమ్మాయికి రెండోదే ఇష్టం. కాలేజీలో ఉండగానే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఏదో కోడి పరిగెత్తే గేమ్ కూడా చేసింది. మా ఆవిడ ఇప్పటికీ అందులో 40 పాయింట్లు దాటలేదు.

నా టెన్షన్ ఏమిటంటే, 2025 ఆగస్టులో కేంద్రం గేమింగ్ మీద చట్టం తెచ్చింది. నాలుగు రోజుల్లో పెద్ద పెద్ద కంపెనీలే దుకాణం కట్టేశాయని పేపర్లో చదివాను. మా బంధువుల అబ్బాయి ఉద్యోగం అలాగే పోయింది. మరి ఇదీ ఆ తానులో ముక్కేనా?

ఇంకో మాట. గేమ్ అన్న పేరు వింటేనే నాకు మంట. కారణం చెబుతాను. మా ఆఫీసుకి ఒక టైలర్ వచ్చేవాడు. భార్య పేరు మీద నెలకి 2,000 ఆర్డీ కట్టేవాడు, ఒక్క నెలా తప్పలేదు. పోస్టాఫీసు ఆర్డీ మూడేళ్లు నిండితే గడువుకి ముందే క్లోజ్ చేసుకోవచ్చు. సరిగ్గా మూడేళ్లు నిండిన వారం ఇద్దరూ వచ్చారు. ఆవిడ సంతకం పెడుతూ తల ఎత్తలేదు. ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలయ్యాడని తర్వాత తెలిసింది. ఆ పాస్‌బుక్ మీద స్టాంపు వేసింది నేనే. ఇప్పుడు మా అమ్మాయి అలాంటి చోటికి వెళ్లి జీతం తీసుకోవడం నాకు మింగుడు పడడం లేదు.

ఈ రంగం లోపల ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా?

విశాఖ_విహారి:

సర్వీస్ కంపెనీ కోసం ఆగండి సార్. గేమ్స్ మూన్నాళ్ల ముచ్చట. పబ్జీ ఏమైందో చూశాం కదా.

జావా_డబ్బా:

మాస్టారూ, నేను 2006 నుంచి ఈ పనిలోనే ఉన్నాను. రెండుసార్లు ఉద్యోగం పోయింది, మూడు కంపెనీలు మారాను. కాబట్టి పొగడడానికీ తిట్టడానికీ నాకు సమానమైన హక్కు ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ రమ్మీ సంగతి. కొత్త చట్టం ఆన్‌లైన్ ఆటల్ని మూడు గంపల్లో వేసింది. ఇ-స్పోర్ట్స్ (క్రీడల్లా పోటీలు పెట్టి ఆడేవి), సోషల్ గేమ్స్ (సరదాకి ఆడేవి), మనీ గేమ్స్. డబ్బు కట్టి, తిరిగి డబ్బు గెలుచుకునే ఆశతో ఆడేవన్నీ మనీ గేమ్స్. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన ఇక చెల్లదు. వాటినే నిషేధించారు. నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. మిగతా రెండు గంపల్నీ ప్రోత్సహిస్తామని చట్టం పేరులోనే ఉంది.

తేడా మీకు మీ కౌంటర్ భాషలోనే చెబుతాను. సోషల్ గేమ్‌లో కొనే కాయిన్లు పోస్టల్ స్టాంపుల్లాంటివి. కొన్నారు, అంటించారు, అయిపోయింది. స్టాంపు వెనక్కిచ్చి డబ్బులివ్వమని ఎవరూ అడగరు. మనీ గేమ్‌లో పెట్టింది మాత్రం ఎప్పుడో పది రెట్లై మనీ ఆర్డర్‌గా తిరిగొస్తుందని మనిషిని కూర్చోబెడుతుంది. మీ టైలర్ ఆగలేకపోయింది దానికే. తీన్ పత్తీనే తీసుకోండి. డబ్బు వెనక్కి తీసుకునే వీల్లేని ఉత్తి చిప్స్‌తోనే ఆడించి బెంగళూరు మూన్‌ఫ్రాగ్ పెద్ద కంపెనీ అయింది. 2021లో స్వీడన్ వాళ్లు, స్టిల్‌ఫ్రంట్ అని, దాన్ని కొనుక్కున్నారు. అదే పేక, కానీ లెక్క వేరు. (చిప్స్ కొనడానికి కూడా కొందరు జీతాలు తగలేస్తారు, అది వేరే గోల. నాకు ఆ గేమ్స్ మీద గొప్ప ప్రేమేం లేదు.)

ఇక ఇది నిలబడే పనా అంటే, ఎలా పెరిగిందో చూస్తే మీకే తెలుస్తుంది.

నేను చేరినప్పుడు మా ఆఫీసు పంజాగుట్టలో ఒక ఫర్నిచర్ షాపు పైన. జీతం 8,500. గేమ్స్ చేస్తున్నామని ఇంట్లో చెప్పాను గానీ మేం చేసేది గేమ్స్ కాదు, పోర్టింగ్. అమెరికాలోనో యూరప్‌లోనో ఎవరో చేసిన జావా గేమ్ ఒకటి వస్తుంది. దాన్ని వందల రకాల ఫోన్లలో ఆడేలా మార్చాలి. ఒక ఫోన్ స్క్రీన్ 128 బై 128 పిక్సెల్స్, నోకియా 6600ది 176 బై 208, సోనీ ఎరిక్సన్‌ది 176 బై 220. ఒక్కోదానికి ఒక్కో బిల్డ్, అంటే ఆ ఫోన్‌కి సరిపోయే వేరే కాపీ. చెక్క బీరువా నిండా ఫోన్లు. ఒక్కో ఫోన్‌కీ వెనక వైట్ టేపు మీద నంబరు. తాళం టెస్టింగ్ లీడ్ మెళ్లో ఉండేది.

నోకియా సిరీస్ 40 పాత ఫోన్లలో గేమ్ మొత్తం 64 కేబీ దాటకూడదు. ఈ రోజు మీరు వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ పువ్వు అంతకన్నా పెద్దది. ఒకసారి ఫుట్‌బాల్ గేమ్ 66 కేబీ దగ్గర ఆగిపోయింది. మ్యూజిక్ కోసేశాం. గుంపు బొమ్మ తీసేశాం. అయినా 64.8. రాత్రి రెండింటికి ఆటగాడి పరుగు బొమ్మలు ఎనిమిదిని నాలుగు చేశాం. వాడు కుంటుతున్నట్టు పరిగెత్తాడు, కానీ గేమ్ ఎక్కింది. నా వృత్తిలో నేను నిజంగా నేర్చుకున్నది ఆ రాత్రే అనిపిస్తుంది.

ఆ కాలంలో ఇక్కడ గేమ్ అమ్మాలంటే టెలికాం ఆపరేటర్ పోర్టల్ ఒక్కటే దారి. వచ్చిన దాంట్లో పెద్ద వాటా ఆపరేటర్‌కే. ముంబైలో 1999లో మొదలైన ఇండియాగేమ్స్, నజారా లాంటివి ఆ ఇరుకులోంచే వచ్చాయి. ఇంకోవైపు బయటివాళ్లకి బొమ్మలు గీసిచ్చే పని. 1997లో మొదలైన బెంగళూరు ధ్రువ ఇంటరాక్టివ్ ఆ పనితోనే పేరు తెచ్చుకుంది, చివరికి 2019లో రాక్‌స్టార్ అనే విదేశీ గేమ్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. అంటే మన పరిశ్రమకి మొదటి పదేళ్లు పరాయి పెళ్లికి వంటవాళ్లుగానే గడిచాయి. వంట మాత్రం బాగా వచ్చింది.

2008లో యాపిల్ యాప్ స్టోర్, దాని వెనకే ఆండ్రాయిడ్ వచ్చాయి. రెండు మూడేళ్లలో మా బీరువా తుక్కు అయింది. నా మొదటి ఉద్యోగం పోయింది అప్పుడే. కోపం రాలేదు, మా పని అయిపోయింది అంతే.

అసలు మలుపు 2016. సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా ధరని నేలకి దించింది. అదే ఏడాది వచ్చిన లూడో కింగ్, నవీ ముంబై వాళ్లది, 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటికీ చేరింది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చాక ఊళ్లో కుర్రాళ్లందరికీ 4జీ ఫోన్ కావాల్సి వచ్చింది. డౌన్‌లోడ్‌ల లెక్కలో మన దేశం ప్రపంచంలో ముందు వరుసలో నిలబడింది. ఇక్కడే అందరూ బోల్తా పడ్డారు. ఆడేవాళ్లున్నారు గానీ కట్టేవాళ్లు లేరు. ప్రకటన ఒక అమెరికన్ చూస్తే వచ్చే దాంట్లో మనవాడు చూస్తే వచ్చేది చిన్న ముక్క. కోట్ల మంది ఆడినా జీతాలకి సరిపోని గేమ్స్ నేను దగ్గర్నుంచి చూశాను. పెట్టుబడి పెట్టేవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? డబ్బు ఎక్కడ గలగలమంటుంటే అక్కడికి పరిగెత్తారు, అంటే రమ్మీకి, జట్టు ఎంచుకుని డబ్బు పెట్టే ఫాంటసీ క్రికెట్‌కి. పేపర్లలో మీరు చదివిన గేమింగ్ బూమ్‌లో సింహభాగం అదే. 2023 అక్టోబర్‌లో 28 శాతం జీఎస్టీ పడ్డప్పుడే దానికి ఊపిరాడలేదు. 2025 ఆగస్టుతో కథ ముగిసింది.

ఇంత గోలలోనూ అసలు గేమ్స్ చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. చెన్నైలో నెక్స్ట్‌వేవ్ వాళ్ల వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్. మన హైదరాబాద్‌లో హిట్‌వికెట్. పుణెలో సూపర్‌గేమింగ్ వాళ్లు ఏళ్ల తరబడి చెక్కి 2024 అక్టోబర్‌లో ఇండస్ అనే గేమ్ విడుదల చేశారు. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) లాంటి విదేశీ కంపెనీకి కూడా హైదరాబాద్‌లో స్టూడియో ఉంది.

కాబట్టి కంపెనీ పేరు, డౌన్‌లోడ్‌ల అంకె చూసి నిర్ణయించకండి. అమ్మాయిని ఒక్కటే అడగమనండి: జీతాల డబ్బు ఎటు నుంచి వస్తోంది? ప్రకటనల నుంచా, ఆటగాళ్లు కొనే వస్తువుల నుంచా, విదేశీ పబ్లిషర్ కాంట్రాక్టు నుంచా, లేక ఉత్తి పెట్టుబడి నుంచా? చివరిదైతే బ్యాంకులో ఎన్ని నెలలకి సరిపడా ఉందో కూడా అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. నేను ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేస్తాను, ఈ ప్రశ్న అడిగినవాళ్లు నాకు గుర్తుండిపోతారు.

@విశాఖ_విహారి, పబ్జీ పోలిక ఇక్కడ కుదరదు. 2020 సెప్టెంబర్‌లో చైనాతో సంబంధం ఉందని నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి, 2021 జులైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్లీ పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. అది సరిహద్దు రాజకీయం. నిజమే, ఆ భయం ఈ రంగంలో ఉంటుంది. కానీ అది ఆట పడిన పాటు, పనిది కాదు.

రిస్క్_టేబుల్:

మాస్టారూ, ఆగస్టులో ఉద్యోగం పోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కంపెనీ పేరు వద్దు. కార్డ్ గేమ్స్‌లో రిస్క్ టీమ్. ఒకే టేబుల్ మీద ఇద్దరు కుమ్మక్కై మూడోవాణ్ణి దోచుకోకుండా చూడడం, లొకేషన్ దొంగల్ని పట్టడం నా పని.

తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బు రమ్మీని నిషేధించాయి. కాబట్టి ఇక్కడి ఫోన్లని జీపీఎస్ చూసి ఆపేసేవాళ్లం. జనం ఆగుతారా? నకిలీ జీపీఎస్ యాప్ పెట్టుకుని కర్ణాటకలోని రాయచూర్‌లో ఉన్నట్టు చూపించేవాళ్లు. మ్యాప్ మీద రాయచూర్ బస్టాండ్ ఎదురుగా ఒకే చుక్క మీద వందల మంది. మనిషి కదలకుండా కూర్చున్నా అసలు జీపీఎస్ అంకెలు కొంచెం వణుకుతాయి. నకిలీది రాయిలా ఉంటుంది. దాన్ని బట్టే పట్టేవాళ్లం. పట్టినవాడు మర్నాడు బళ్లారిలో తేలేవాడు. మీ టైలర్ కూడా బహుశా ఏ రాయచూర్‌లోనో కూర్చుని ఆడుంటాడు.

జీతం బాగుండేది, అబద్ధమెందుకు. 22 లక్షలు. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఆ తర్వాతి బుధవారం అందర్నీ ఒక కాల్‌లోకి పిలిచారు, పదకొండు నిమిషాల్లో అయిపోయింది. నెల రోజులు మా ఆవిడకి చెప్పలేదు. ల్యాప్‌టాప్ బ్యాగ్ వేసుకుని రోజూ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేవాణ్ణి.

ఇప్పుడు మార్కెట్లో మాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. అనుభవం ఉండి తక్కువకి వస్తామనేవాళ్లు. అలాంటప్పుడు ఒక స్టూడియో ఫ్రెషర్‌ని తీసుకుంటోందంటే ఆ అమ్మాయి పనిలో ఏదో చూసే ఉంటారు. నేనైతే పంపిస్తాను.

తంతి_తపాలా:

జావా_డబ్బా గారూ, స్టాంపు పోలిక మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఒక్క సవరణ. స్టాంపు ఇచ్చి డబ్బు అడిగేవాళ్లు ఉంటారండి, ప్రతి మార్చిలో ఒకాయన వస్తాడు. మేం ఇవ్వం, అంతే.

రిస్క్_టేబుల్ బాబూ, నీ మెసేజ్ చదివి కాసేపు ఏమీ తోచలేదు. ఆ నెల రోజులూ అమీర్‌పేటలో ఎక్కడ కూర్చునేవాడివి? ఇంట్లో ఇప్పుడు చెప్పావు కదా?

మా అమ్మాయి కంపెనీ వాళ్లని అడిగింది. చాలావరకు చెప్పారట. రెండు సొంత గేమ్స్ ఉన్నాయి, ప్రకటనలు, కొనుగోళ్లు కలిపి సగం ఖర్చు వెళ్తుంది. మిగతా సగం ఒక విదేశీ కంపెనీ గేమ్‌ని వీళ్లు మెయింటైన్ చేస్తారు, ఆ కాంట్రాక్టు రెండేళ్లది. దాన్ని లైవ్ ఆప్స్ అంటారట. అమ్మాయిని మొదట అందులోనే వేస్తారు. దానికి తను కొంచెం డీలా పడింది. సొంతంగా గేమ్ చేయాలని దాని కోరిక. అది వేస్ట్ పనా?

జావా_డబ్బా:

వేస్ట్ కాదు మాస్టారూ, నిజానికి అదే బడి. వందమంది ఇన్‌స్టాల్ చేస్తే మర్నాడు ఓ 35, 40 మంది తిరిగి రావాలి. ఏడో రోజుకి పది పదిహేను మంది మిగిలితే గేమ్ బతికినట్టే. వాళ్లని నిలబెట్టుకునేదే లైవ్ ఆప్స్. పండక్కి ఏం ఈవెంట్ పెట్టాలి, ఏ లెవెల్ దగ్గర జనం విసుగొచ్చి వదిలేస్తున్నారు, ఇలాంటివి కాలేజీలో ఎవరూ చెప్పరు.

ఒక ఉదాహరణ. మా గేమ్‌కి ఏటా సంక్రాంతి తర్వాత ఆంధ్రలో అన్‌ఇన్‌స్టాల్స్ ఎగబాకేవి. సర్వర్ తప్పు కాదు, గేమ్‌లో బగ్ లేదు. రెండేళ్లు జుట్టు పీక్కున్నాం. చివరికి మా టీమ్‌లో భీమవరం అమ్మాయి చెప్పింది: “కోడిపందేల వీడియోలు సార్. ఫోన్ నిండిపోతుంది, స్టోరేజ్ ఫుల్ అని రాగానే ముందు గేమ్ తీసేస్తారు.” గేమ్ సైజు 140 ఎంబీ నుంచి 70కి దింపాం. మరుసటి సంక్రాంతికి ఆ గీత సగమే లేచింది. 64 కేబీ రోజులు మళ్లీ పనికొచ్చాయి.

గట్టు_మీద_పులి:

నాదీ ఒక ముక్క. అమ్మాయి సొంత గేమ్ చేయాలనుకుంటే ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చేసుకోమనండి. నేను ఉద్యోగం మానేసి చేశాను, నా కథ వినండి.

మాది రాజమండ్రి దగ్గర. పులి-మేక ఆట, మా తాతయ్య అరుగు మీద సుద్దముక్కతో గీసి చింతపిక్కలతో ఆడేవాడు, దాన్ని ఫోన్ గేమ్ చేశాను. గూగుల్ ప్లే అకౌంట్‌కి 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు, అక్కడివరకు హాయి. కానీ 2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకి ఒక రూల్ పెట్టారు. విడుదలకి ముందు 20 మంది టెస్టర్లు 14 రోజులు వరసగా ఉండాలి. (తర్వాత 12 మందికి తగ్గించారు, నా టైమ్ బాగోలేదు.) 20 మందిని ఎక్కడ తేను? పిన్నులు, బావలు, మా జిమ్ కోచ్. పదకొండో రోజు మా బావ ఫోన్ రీసెట్ కొట్టాడు. మిగిలింది 19 మంది. కొత్త మనిషిని పట్టుకుని మళ్లీ ఒకటో రోజు నుంచి.

విడుదలయ్యాక డౌన్‌లోడ్‌లు బాగానే వచ్చాయి. డబ్బు మాత్రం జావా గారు చెప్పినట్టే. కాకినాడలో, నెల్లూరులో వందలమంది ఆడినదానికన్నా డల్లాస్‌లో నలుగురు తెలుగువాళ్లు ఆడితే నాకు ఎక్కువ పడుతుంది. అందుకే ఇప్పుడు అప్‌డేట్లు అమెరికా వాళ్ల శనివారం సాయంత్రానికి అందేలా వదులుతున్నాను.

గేమ్‌లో ప్రకటనలు చూపించి డబ్బిచ్చే గూగుల్ సర్వీసు ఆడ్‌మాబ్‌లో 100 డాలర్లు దాటితేగానీ డబ్బు పంపరు. దాటింది. కానీ అంతకుముందే, 10 డాలర్ల దగ్గర అడ్రస్ సరిచూసుకోవడానికి గూగుల్ వాళ్లు ఆరంకెల పిన్ ఒకటి మామూలు పోస్టులో పంపుతారు. ఈమెయిల్ కాదు, ఎస్ఎంఎస్ కాదు, కాగితం! రెండుసార్లు పంపారు, రాలేదు. మూడోది దారిలో ఉందట. 100 డాలర్లు పైనుంచి నన్ను చూసి నవ్వుతున్నాయి.

తంతి_తపాలా:

గట్టు మీద పులి గారూ, ఇది మాత్రం నా సబ్జెక్టు. ఆ కవరు నేను చూశాను. చిన్నది, చుట్టూ చించి తెరిచే రకం. మా ఆఫీసుకి గత ఏడాది రెండొచ్చాయి, ఒకటి అడ్రస్ దొరక్క తిరిగి వెళ్లింది. ఆర్డినరీ మెయిల్ కాబట్టి ట్రాకింగ్ ఉండదు, వెతకడానికి నంబరు కూడా ఉండదు.

మీరు గూగుల్‌లో అడ్రస్ ఎలా ఇచ్చారో చూసుకోండి. కుర్రాళ్లందరూ “రామాలయం వెనక” అని రాసి తమ పేరు పెడతారు. మీ పేరు మీ పోస్ట్‌మ్యాన్‌కి తెలియదు, మీ నాన్నగారి పేరే తెలుసు. కాబట్టి మీ పేరు కింద సన్ ఆఫ్ అని నాన్నగారి పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం వరుసగా రాయండి. రాజమండ్రి దగ్గర పల్లెటూరైతే రాజమండ్రి హెడ్ ఆఫీసు పిన్‌కోడ్ వేయకండి, మీ ఊరికి బట్వాడా చేసే ఆఫీసుదే వేయాలి. మీ పిన్ రాకపోవడానికి కారణం మీ పిన్‌కోడే అని నా అనుమానం.

ఇవాళే ఆ ఆఫీసుకి వెళ్లి బీపీఎం (బ్రాంచ్ పోస్టుమాస్టర్) గారికో, పోస్ట్‌మ్యాన్‌కో మొహం చూపించి, గూగుల్ నుంచి కవరు వస్తుందని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి రండి. పొద్దున్న పదింటిలోపు వెళ్లండి, తర్వాత బీట్‌కి వెళ్లిపోతారు.

మా అమ్మాయి ఒకటో తారీఖున చేరుతోంది. అమీర్‌పేటలో హాస్టల్ చూశాం.